దొర మింగని మాత్ర

“ఈ మాత్ర ఇక రాదు సార్. కంపెనీవాళ్లు ఆపేశారు.”

గడియారాలు బాగుచేసే పెద్దమనిషికి ఆ మాట నచ్చలేదు. జంతువుల మందుల షాపావిడ సరిగ్గా చూడలేదేమోనని, జేబులోంచి తీసిన ఖాళీ అట్టను మళ్లీ ఆమె ముందుకు తోశాడు. ఒంటి మీద పిడుదులకీ, కడుపులో పురుగులకీ కలిపి కుక్కకు నెలకొకటి వేసే మాత్ర అది. మూడేళ్లుగా అదే వాడుతున్నాడు.

ఆమె ఆ అట్ట వంక చూడనైనా చూడలేదు. కాసేపు ఏదో ఆలోచించి, వెనక అరలోంచి వేరే డబ్బా తీసింది. దీని బదులు ఇది వేస్తే సరిపోతుందని చెప్పింది. మూడు నెలలకు ఒక్కటి చాలట. మాంసం వాసన వస్తుందట, కుక్కలు చేతిలోంచి లాక్కుని మరీ తింటాయట. పైగా ఖర్చు పాతదానిలో సగం కూడా కాదు.

ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. అందులోనూ ఈయన ఆషామాషీ మనిషి కాడు. నిరుడు పేల దువ్వెన కొనడానికి వచ్చి, పళ్లు లెక్కపెట్టి మరీ అరగంట బేరమాడాడు. అలాంటివాడి ముఖం ఆ చవక మందు చూడగానే పాలిపోయింది.

“చేదుగా ఉండేది ఇంకేదీ లేదా?” అని అడిగాడు.

ఆయన కుక్క పేరు దొర. పేరుకు తగ్గట్టే బతుకుతాడు. పాత మాత్రను రొట్టెలో దాచి పెడితే రొట్టె తిని, మాత్రను శుభ్రంగా నాకి గుమ్మం దగ్గర పెట్టేవాడు. దాన్ని వాడిచేత మింగించడం లోకంలో ఒక్కరికే చేతనవును, ఆయన భార్యకి. మూడేళ్ల కిందట ఇద్దరూ విడిపోయారు. ఆమె ఊరికి అటు చివర చిన్న గది అద్దెకు తీసుకుంది. కుక్క ఆయన దగ్గర ఉండేటట్టు, మందులు ఒక నెల ఆయన, ఒక నెల ఆమె కొనేటట్టు మాట అనుకున్నారు. మాత్ర వేసేది ఎప్పుడూ ఆమే. నెలలో మొదటి ఆదివారం పదింటికి వస్తుంది.

వచ్చి నేల మీద చతికిలబడుతుంది. దొర దవడలు విడదీసి, మాత్ర నాలుక వెనక్కి తోసి, నోరు మూసి గొంతు నిమురుతుంది. ఉమ్మేస్తాడేమోనని ఓ పావుగంట కనిపెట్టుకుని కూర్చోవాలి. ఆ పావుగంట కోసమే ఆయన నెలంతా బతికేది. బీపీ మందు వేసుకుంటున్నారా, ఆ కిటికీ రెక్క ఇంకా బాగు చేయించలేదేం అని ఆమె అడుగుతుంది. ఆయన ముక్తసరిగా జవాబిస్తాడు. చెప్పాలనుకున్నవన్నీ తీరా ఆమె మెట్లు దిగి వెళ్లాక గుర్తొస్తాయి. తక్కిన రోజులు ఇంట్లో రెండో మనిషి గొంతు వినపడదు. దొరతో ఎంతసేపని మాట్లాడతాడు? వాడు వింటాడు గానీ తిరిగి ఏమీ అడగడు. ఒంటరిగా ఉన్నావా అంటే ఆయన ఒప్పుకోడు. కానీ శనివారం దుప్పట్లు ఉతికేదీ, ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకునేదీ దొర కోసం కాదు.

కుక్కే లాక్కుని తినే మాత్ర ఇంటికొస్తే ఇక ఆమె రావలసిన పనేముంది?

పాత మాత్ర వేరే షాపుల్లో దొరుకుతుందా అని అడిగాడు. ఎక్కడా దొరకదని షాపావిడ చెప్పింది. ఆయన కదలకపోయేసరికి లోపలికి వెళ్లి, పెట్టెలన్నీ వెతికి, పాత మాత్రలు రెండు పట్టుకొచ్చింది. ఇంకో మూడు నెలల్లో వాటి గడువు అయిపోతుందని కూడా చెప్పింది. ఆయన బేరమాడకుండా రెండూ ఇచ్చేయమన్నాడు.

“ఈ రెండూ అయిపోయాక ఏం చేస్తారు సార్?”

“అప్పటి సంగతి అప్పుడు చూద్దాం.”

డబ్బులిచ్చాడు గానీ వెళ్లలేదు. పోయిన ఆదివారం భార్య చెప్పులేసుకుంటూ అన్న మాట ఆయన్ని పీక్కుతింటోంది. దొరగారి మందులకే నా జీతం చాలడం లేదు, వెయ్యడం మీరే నేర్చుకోకూడదూ, ఎన్నాళ్లని నేను రావాలి అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఆయనకు భయం వేసింది అందుకే. ఈ చవక మందు సంగతి తెలిస్తే ఆమె ఆ రోజే కొంటుంది. మూడు నెలలకోసారి డబ్బా గుమ్మం దగ్గర పెట్టి, బయట నుంచి బయటకే వెళ్లిపోతుంది.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“వచ్చే నెల ఆవిడ వంతు. వస్తే, మాత్రలు నేను తీసుకెళ్లానని చెప్పండి. ఈ కొత్త మందు ఊసు ఎత్తకండి. మీకు పుణ్యముంటుంది.”

షాపావిడ రెండు మాత్రలూ కవర్లో వేసింది. కవరు ఆయనకివ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది. చెప్పనా వద్దా అన్నట్టు ఆయన ముఖంలోకి చూసింది.

“ఇది కొత్తదేం కాదు సార్, వచ్చి రెండేళ్లయింది,” అంది చివరికి. “ముందు చూపించింది ఆవిడకే. పాతది దొరికినన్నాళ్లూ దీన్ని మీ కంట పడనివ్వనని నాచేత ఒట్టేయించుకున్నారు.”