గట్టు మీద కాసింది

“గట్టు మీద కాయ... గట్టు మీద కాయ” అని చేలోంచి కూలీ ముత్తక్క పెట్టిన కేక, గాలివాటుకు ఎటో తిరిగి, కొట్టం దగ్గరున్న బసవపున్నయ్య చెవిలో “గట్టు మీద గాయం” అయి పడింది.

గాయమంటే తమ్ముడికే. ఆ చేలో గట్టు మీదికొచ్చి కయ్యానికి కాలు దువ్వేది జయప్రకాశ్ ఒక్కడే. తమ్ముడితో మాటల్లేవన్న సంగతి మరిచిపోయి, కట్టు కట్టడానికి భుజం మీది కొత్త తువ్వాలును పర్రున చింపుకుంటూ పరుగెత్తాడు బసవపున్నయ్య. తీరా వెళ్లి చూస్తే అక్కడ కారుతున్నది నెత్తురు కాదు, ముత్తక్క నోట్లో పచ్చిపల్లీల పాలు.

“గాయమేది?” అన్నాడు రొప్పుతూ.

“గాయమేందన్నా? కాయ. గిట్ల చూడు” అని ముత్తక్క చేతిలోని మొక్కను దులిపి చూపించింది. మొదలంతా గుత్తులు గుత్తులు. ఒలిస్తే ఒక్కోదాంట్లో రెండేసి గింజలు, ఇరుకింట్లో కాపురమున్నట్టు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

బసవపున్నయ్య ఆ గింజల్ని మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు. పొద్దుట్నుంచి కూలీలు పీకిన చేను చేనంతా లొట్టే మరి. పైన మోకాలెత్తు పచ్చదనం, కింద గింజ లేని డొల్లలు. లొట్టలేసుకుంటూ తినాల్సినవి లొట్టలై కూర్చుంటే, గింజ కోసం అన్న ఈ సగంలో, తమ్ముడు ఆ సగంలో గింజుకుంటున్నారు. వేసింది వేరుశనగ. పేరులోనే పెట్టుకుని వచ్చింది కాబోలు, చేలో పూల ఊడలు మట్టిలోకి దిగే వేళకు ఇంట్లో ఉమ్మడి ఊడి, అన్నదమ్ములు వేరుపడ్డారు. నిలబడ్డ పైరు మధ్య మట్టి ఎగదోయలేక, మూరెడు వెడల్పున తెల్లపొడితో గీత గీసి దాన్నే గట్టు అనుకున్నారు. ఇప్పుడు ఇంత చేనులోనూ కాసింది సరిగ్గా ఆ గీత మీదే.

వచ్చే కారుకు విత్తనమంటూ ఉంటే ఈ ఒక్క సాలే. దక్కినవాడు మళ్లీ చేను దున్నుతాడు. దక్కనివాడు సత్తుపల్లి బొగ్గు గని గేటు ముందు పనికోసం నిలబడతాడు.

“ఆగన్నయ్యా. ఆ సాలు నాది” అంటూ అటువైపు నుంచి జయప్రకాశ్ వచ్చాడు.

“గీత గీసింది నేను. నా సగంలో నిలబడి గీసిన.”

“నీ సగంలో నిలబడి నా సగంలో గీసినవ్. ఉండు, సర్వేయర్‌కు ఫోన్ కొడత.” కొత్త సెల్‌ఫోన్ తీసి, చెయ్యి పైకెత్తి గిరగిరా తిరిగాడు. అడవి అంచు కదా, చేలో ఉన్న గీత ఫోన్లో లేదు. చెయ్యి దించకుండానే మళ్లీ అందుకున్నాడు. “గట్టు నీదనడానికి ముందే ఎత్తు వేసినవ్. దీనికొక్కదానికే ఏదో మందు మేపినవ్.”

“నేనేం మేపలే. నువ్వే మేపి ఉంటవ్. నీ సగంలో బస్తాలకు బస్తాలు యూరియా దిమ్మరించలే?”

“నువ్వు దిమ్మరించకపోతివా?”

“నువ్వు చల్లినవని నేను చల్లిన.”

“ఇద్దరూ మంచిగనే మేపిండ్రు” అంది ముత్తక్క, ఇంకో కాయ నోట్లో వేసుకుంటూ. “ఆకు బాగొచ్చింది. బర్రెలు మిమ్మల్ని మరువయ్.”

మజ్జిగ బిందెతో వచ్చిన బసవపున్నయ్య భార్య సుబ్బరత్నం బిందె దించి ఇద్దరి మొహాలూ చూసింది. “ఈ సాలుకు మీరిద్దరూ ఏం పెట్టలేదంటున్నరు. అయితే దీనిమీద పడ్డది గీత గీసిన ఆ పొడి ఒక్కటే. ఏం పొడి అది?”

“సున్నం” అన్నాడు బసవపున్నయ్య. “కొట్టంలో పరదా కింద బస్తాలుంటే తెచ్చి, చెరిగిపోకుండా మందంగా పోసిన.”

జయప్రకాశ్ ఎత్తిన చెయ్యి ఫోనుతో సహా కిందికి దిగిపోయింది.

“పరదా కిందియా?” అన్నాడు. “అది సున్నం కాదన్నయ్యా, జిప్సం. మన ఎర్రదుబ్బ నేలలో క్యాల్షియం తక్కువంట. పూత వేళ మొక్క మొదట్లో ఇది పడితేనే, భూమిలోకి దిగిన ఊడకు గింజ కడతదని వ్యవసాయ ఆఫీసులో చెప్పిన్రు. చేనంతటికీ అని నేనే తెచ్చి పెట్టిన.”

“చేనంతటికా? నా సగానికి గూడానా?”

“తెచ్చిననాడు సగాలెక్కడియి? తెల్లారి కదా మనం వేరుపడ్డది. తర్వాత చూస్తే బస్తాలు లేవు. నువ్వు గుట్టుగా నీ దిక్కు చల్లుకున్నవని, ఆ గీత ఏదో ముగ్గుపిండని అనుకున్న. ఆ కడుపుమంటకే యూరియా తెచ్చిన.”

“నన్నొక్క మాట అడిగితే ఏం పోయెరా?”

“మాటల్లేవు గదా.”

ముత్తక్క ఆగలేదు. వెనక సాళ్లలో ఉన్న కూలీలకు వినపడేలా, సున్నమనుకుని పోసింది జిప్సమని, కాయలో గింజ నింపే మందును ఇద్దరికీ తెచ్చింది తమ్ముడైతే గీతలో పోసింది అన్న అని, కథంతా గొంతెత్తి చెప్పేసింది. చేనంతా నవ్వులు పడ్డాయి.  ఎవరు ముందో తెలియదు గాని, అన్నదమ్ములూ నవ్వారు.

“నవ్వుడు సరే” అంది ముత్తక్క గంప ఎత్తుకుంటూ. “ఇంతకీ ఈ కాయ ఎవరి కుప్పల పొయ్యాలె?”

“ఏ కుప్పలోనూ వద్దు. విత్తనానికి విడిగా ఆరబొయ్యి” అన్నాడు బసవపున్నయ్య. “వచ్చే కారుకు గట్టు కాస్త వెడల్పు చేస్త.”

జయప్రకాశ్ నవ్వు ఆగింది. “ఎంత వెడల్పు?”

“ఈ కొస నుంచి ఆ కొస దాకా.”

“చేనంతా గట్టే అయితే నా భాగమేది అన్నయ్యా?”

“గట్టు ఉమ్మడిదే కదరా” అన్నాడు బసవపున్నయ్య.