మల్లీశ్వరి సీటు

“మల్లీశ్వరికి సీటియ్యకుంటే నేను గూడ గ్రూపు ఇడిసిపెట్టి పోత,” అంది కృపారాణి.

ఫోన్లో మిగతా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆన్‌లైన్‌లో కలిసి ఇంగ్లీషూ స్పానిషూ నేర్చుకుంటున్న ఆ ముగ్గురిలో, అడిగితే తప్ప నోరు విప్పని మనిషి ఆమె.

“బెదిరిస్తున్నవా అక్కా?” అన్నాడు మనీష్. వికారాబాద్‌లో బట్టల దుకాణం అతనిది. గ్రూపుకు పెద్ద కూడా అతనే. “నలుగురి కన్న ఎక్కువైతే మాట్లాడే వంతు ఎవ్వరికీ రాదు. ఉన్నది ఒక్కటే సీటు. పరీక్షల నెగ్గితే ఇస్తం, లేకుంటే లేదు.”

“నెల దినాలల్ల ఆమెకు హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ ఉన్నది. రెండు భాషలు మాట్లాడొస్తేనే నౌకరి. పది దినాల సంది మెసేజీలు పెడుతున్నది, ‘అక్కా, జర ఎట్లన్న చేసి ఇప్పియ్యి’ అని. నేను మాటిచ్చిన.”

“ఇంగ్లీష్ రాత పరీక్ష నెగ్గింది గద. ఇగ స్పానిష్ మాట్లాడాలె. మాట్లాడనీ, చూద్దాం,” అన్నాడు కుల్కచర్ల నుంచి దశరథ్.

అతని మాట ఒక్కోటి విడివిడిగా వచ్చింది. అక్కడ సిగ్నల్ అంతే. అతని కోసమే గ్రూపులో అందరూ స్పానిష్‌లో ఒక మాట అని, మనసులో మూడు లెక్కపెట్టి, ఇంకో మాట అనడం అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు ఆ భాష మాట్లాడే పద్ధతే అదని ముగ్గురికీ నమ్మకం కుదిరిపోయింది.

సరిగ్గా ఆరింటికి తాండూరు నుంచి మల్లీశ్వరి లైన్లోకి వచ్చింది. కెమెరా ఎవరూ తెరవలేదు. తెరిస్తే దశరథ్ మాయమైపోతాడు. పేరు కనబడుతుంది, గొంతు వినబడుతుంది, అంతే.

మనీష్ తన నోట్సు తెరిచాడు. నలభై రెండు పేజీలు. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి మాటనూ తెలుగు అక్షరాల్లో అతనే రాసిపెట్టాడు. గ్రూపుకు అదే పాఠ్యపుస్తకం. అందులోంచి మొదటి ప్రశ్న స్పానిష్‌లో అడిగాడు.

“మీ... ఇంట్లో... ఎవరెవరు... ఉన్నారు?”

కొంచెం ఆగి, మళ్లీ అడగమని ఆమె స్పానిష్‌లోనే అంది. మనీష్ మళ్లీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు.

“పాపం, ప్రశ్నే సమజ్ గాలె,” అని దశరథ్ గొణిగాడు.

అప్పుడు మొదలైంది. కందుల సంచికి చిల్లు పడ్డట్టు మాటలు జలజలా రాలాయి. మధ్యలో పకపకా నవ్వింది. ఊపిరి తీసుకుందో లేదో తెలియదు. కృపారాణి పెన్ను పట్టుకుని అమ్మ, అన్న, కుక్క అనే మూడు మాటలు ఏరుకునే లోపల జవాబు అయిపోయింది.

పావుగంటకు మనీష్ “గ్రాసియాస్” అని థాంక్స్ చెప్పి, ఫలితం తర్వాత చెప్తామని ఆమెను పంపించాడు.

“నాకు ఒక్క ముక్క అర్థం కాలె,” అన్నాడు దశరథ్.

“నీ సిగ్నల్ అన్నా.”

“సిగ్నల్ మంచిగనే ఉండె తమ్మీ. ఇయ్యాల నీళ్ల ట్యాంకు మీదికెక్కి కూసున్న.”

“మన నోట్సుల లేని మాటలు ఇరవై ఆరు వాడింది. గీతలు పెట్టుకున్న,” అన్నాడు మనీష్. “సొంతంగ మాటలు పుట్టిస్తే ఎట్ల? ఆగుడు లేదు, నిలుపుడు లేదు. పైగ నన్నే మూడు ప్రశ్నలడిగింది! పరీక్ష పెట్టేది నేనా, ఆమెనా?”

“భయం మనీష్. భయమైతే గబగబ మాట్లాడతరు. పదో తరగతిల నేను పద్యం గట్లనే అప్పజెప్పిన,” అంది కృపారాణి. “నేర్పిస్తే నేర్చుకుంటది.”

“ఏం నేర్పిస్తవక్కా? అఆల కాడికెళ్లి మొదలువెట్టాలె. దశరథన్నా, నువ్వేమంటవ్?”

“ఫెయిల్,” అన్నాడు దశరథ్, దుఃఖంగా.

“నాదీ గదే.”

“సరే. నేను గూడ పోతున్న,” అని కృపారాణి ఎర్ర గుర్తు మీద వేలు పెట్టబోయింది.

“ఏయ్, ఆగక్కా, ఆగు!” మనీష్ గొంతు ఒక్కసారి మెత్తబడింది. “నువ్వు పోతే గ్రూపేముంటది? ఒక పని చెయ్యి. వారానికి మూడు దినాలు ఆమెకు నువ్వే నేర్పు. సీటు ఇస్తం. కానీ ఫెయిలైనట్టు మాత్రం చెప్పాలె. తెల్వకుంటే గట్లనే మాట్లాడుకుంట పోతది.”

కృపారాణి నవ్వుకుంటూ వెంటనే మల్లీశ్వరికి ఫోన్ కలిపింది. మంచి మాట ముందు చెప్పాలా, చెడ్డ మాట ముందు చెప్పాలా అని ఆలోచించే లోపలే అటు ఎత్తారు.

“చెల్లె, దిల్ చిన్నగ చేసుకోకు. స్పానిష్‌ల ఫెయిలైనవు. అయినా నీకు సీటిచ్చినం. అఆల కాడికెళ్లి నేనే నేర్పిస్త. ఇంటర్వ్యూ గురించి ఫికర్ చెయ్యకు.”

అటువైపు ఇద్దరు ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నట్టు వినిపించింది. తర్వాత ఒక సన్నటి గొంతు, పరీక్షలో విన్నది కాదు, పలికింది.

“అక్కా, తప్పయింది. సీటు పోతదేమోనని భయమై, నా బదులు వేరేటామెను కూసోబెట్టిన.”

కృపారాణికి కోపం రాలేదు. జాలేసింది. “పిచ్చిదానా, పెడితే పెట్టినవు, జర స్పానిష్ వచ్చినామెను పెట్టకపోయినవా? ఎవరామె?”

“నేను పనిచేసే ఆఫీసుకు తాండూరు బండలు కొననీకి స్పెయిన్ నుంచి వచ్చిన మేడం అక్కా... నోటుబుక్కు తెరిచి కూసున్నది, గా స్పానిష్ అఆలు తనకు గూడ నేర్పిస్తవా అని అడుగుతున్నది.”