చవగ్గా దొరికిన సముద్రం

“షావ్‌చీ అన్నా!”

వెనకనుంచి మగగొంతు. షావ్‌చీ తల తిప్పబోయేంతలో భార్య వాన్‌రూ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

“తిరక్కు. పలక్కు. నడు!”

“ఎవరో పిలుస్తున్నారే...”

“అందుకే తిరక్కంటున్నా. ఇది ఏ నెలో మర్చిపోయావా? పొద్దుగూకాక పేరు పెట్టి పిలిస్తే ఎవరైనా తిరుగుతారా?”

అది ఏడో నెల. కీలుంగ్ రేవులో ప్రతి గుమ్మం ముందూ అన్నం, పళ్లు, అగరొత్తులు పెట్టి, చనిపోయి తిరిగే వాళ్లకు మర్యాద చేసే నెల. వాళ్లను దయ్యాలనకూడదు, ‘మంచి అన్నలు’ అనాలి. మనిషి నెత్తిన ఒకటి, భుజాలమీద రెండు కనపడని దీపాలుంటాయని, వెనక్కి తిరిగితే భుజంమీది దీపం ఆరిపోతుందని పెద్దలు చెబుతారు. నిజమో కాదో ఎవరూ ఆర్పి చూసుకోలేదు.

“ఆరితే ఆరనీ, పెట్టెలో ఇంకోటుందిగా” అన్నాడు షావ్‌చీ. 

అతని చేతుల్లో అట్టపెట్టె ఉంది. అందులో ఇంటి తొట్టెలో చేపల్లా పెంచుకునే పగడాలకు వెలుగునిచ్చే నీలం దీపం, ఉప్పునీటి మురికిని నురగగా లాగేసే గొట్టం, అలలు పుట్టించే పాత మోటారు. చేపల దుకాణంలో ఒక్క దీపానికే అతని నెల జీతమంత చెప్పారు. ఇప్పుడే ఒక ముసలమ్మ ఇంట్లో మూడూ కలిపి అందులో పావువంతుకే వచ్చాయి. ఏడో నెలలో ఒకరు వాడిన వస్తువు ఇంకొకరు ఇంటికి తెచ్చుకోరు. ఆ చవక అందుకే.

“షావ్‌చీ అన్నా, ఆగండి!” గొంతు దగ్గరైంది. వాననీళ్లలో చెప్పుల చప్పుడు.

“మనం సామాను కొన్న ఇంట్లో ముసలమ్మ తప్ప ఇంకెవరున్నారు?” వాన్‌రూ గుసగుసగా అంది. “ఆవిడకు తప్ప నీ పేరు ఇక్కడెవరికి తెలుసు? గోడమీద ఫొటో చూశావా, లేదా?”

చూశాడు. చేపల తొట్టె పక్కన నవ్వుతూ నిలబడ్డ కుర్రాడు. ఫొటో ముందు అగరొత్తులు. ఎలా పోయాడని షావ్‌చీ అడగలేదు. ఈ నెలలో చావుమాట ఎత్తకూడదు. “మా వాడివే, జాగ్రత్తగా వాడుకో నాయనా” అని ముసలమ్మే కళ్లు తుడుచుకుంది.

“తొట్టె కొత్తగా పెడుతున్నావు, మెత్తటి పగడాలు రెండు తెచ్చుకో, వాటికి చిన్న దీపం చాలు అని నెత్తీ నోరూ కొట్టుకున్నా. విన్నావా? దొరగారికి కొమ్ముల పగడాలే కావాలి! ఇప్పుడు వాడు తన సామాను కోసం వెంటబడ్డాడు. కడుపుతో ఉన్నదాన్ని, నా బిడ్డకేమన్నా అయితే...” పొట్టకు చెయ్యి అడ్డం పెట్టుకుని వాన్‌రూ ఇంకా వడిగా నడిచింది.

ఇంటి గుమ్మం దగ్గర షావ్‌చీ తాళం తీస్తుండగా భుజంమీద తడిచెయ్యి పడింది.

“అన్నా, ఒక్క...”

 షావ్‌చీ వెనక్కి చూడకుండా ఆ చెయ్యి విదిలించుకుని, భార్యను లోపలికి లాగి, గడియ వేసేశాడు.

టక్. టక్. టక్.

“తలుపు తియ్యండన్నా. గట్టిగా చెప్పే మాట కాదు.”

వాన్‌రూ గ్వాన్‌యిన్ అమ్మవారి పటం ముందు మోకాళ్లమీద పడింది. “తల్లీ, నేనింకేం అడగను. ఈ ఒక్క బిడ్డను కాపాడు.”

“పెట్టె ఇచ్చేద్దామా?” షావ్‌చీ అడిగాడు.

“తలుపు తీయకుండా ఎలా ఇస్తావ్? తీశావో, నామీద ఒట్టే!” అంటూనే ఆమె చూపు తొట్టెమీద పడింది. తొట్టెనిండా పగడాల కోసం కలిపి ఉంచిన ఉప్పునీళ్లు. ఆమె గభాలున లేచింది. “ఉప్పు! ఉప్పంటే వాళ్లకు పడదు. మా అమ్మమ్మ ఇంటిచుట్టూ ఉప్పూ బియ్యం చల్లేది. సామాను ఉప్పునీళ్లలో ముంచు. అంటుకున్నదేదైనా వదిలిపోతుంది.”

“దీపాన్ని ముంచితే కాలిపోతుందే.”

“మోటారు ముంచు. ఊరికే ముంచితే లాభం లేదు. తిప్పు. లోపలంతా ఉప్పునీళ్లు పారాలి.”

మామూలు రోజైతే షావ్‌చీ నవ్వేసేవాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. భుజంమీద ఆ చెయ్యి పడ్డచోటు ఇంకా చల్లగానే ఉంది. మోటారు తీగను గోడకు తగిలించి మీట నొక్కాడు. వానకు తడిసిన చేతుల్లో అది బుర్రుమంది.

“ఊఁ, త్వరగా!” వాన్‌రూ రెండు చేతులూ జోడించింది.

తలుపు కొట్టడం ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

“చూశావా, అప్పుడే భయపడ్డాడు” అంది వాన్‌రూ. షావ్‌చీ గట్టిగా ఊపిరి పీల్చుకుని తొట్టెమీదికి వంగాడు. మోటారు పట్టుకున్న చెయ్యి ఉప్పునీటికి బెత్తెడు దూరంలో ఉంది.

తలుపు సందుకు నోరు ఆనించి ఎవరో మెల్లగా, రొప్పుతూ చెబుతున్నారు.

“తియ్యకపోతే పోనీండి, మాట మాత్రం వినండి. పారేద్దామని దాచిన మోటారు నేను లేనప్పుడు అమ్మ తెలీక మీకిచ్చేసింది. దాన్ని నీళ్లలో పెట్టకండి, మా అన్న పోయింది దాని కరెంటు కొట్టే. ఈ మాట వీధిలో అరిస్తే అమ్మ చెవిన పడుతుందని మీ వెనక పరిగెత్తుకొచ్చా. నిద్రలో పోయాడని చెప్పి ఉంచాం ఆవిడకి.”