గాలికి కట్టిన కోక

"లండన్‌లో చీరలు ఆరేస్తారటయ్యా కోదండపాణీ?"

డైరెక్టరు గారి కేకకి ప్రొడక్షన్ మేనేజరు కోదండపాణి ఉలిక్కిపడి చూశాడు.

రన్‌వే పక్కన పొడుగాటి ఇనుప స్తంభం. దాని కొసన ఒక ఎర్ర చీర రెపరెపలాడుతోంది.

మాధవరం దాటాక ఉన్న ఆ రన్‌వేని యుద్ధం కోసం వేశారు. మిలిటరీవాళ్లు వెళ్లిపోయాక దానిమీద ఊళ్లోవాళ్లు వడ్లు ఎండబోశారు. తర్వాత మద్రాసు షోకుబాబులు కార్ల పందేలు మొదలెట్టారు. ఇవాళ్టికి మాత్రం అది లండన్ విమానాశ్రయం. రేపు మళ్లీ పందేలవాళ్లది. అంచేత షాటు ఇవాళే అయిపోవాలి.

కోదండపాణికి ఇంకో కంగారు కూడా ఉంది. అద్దె విమానంలోంచి దిగి "నాన్నా!" అంటూ పరుగెత్తే పిల్ల వేషం అతని కూతురు సుమతిదే. పొద్దున ఆ పిల్లని మద్రాసులో విమానం దగ్గర దింపి వచ్చినప్పట్నుంచీ అతనికి కాలు ఒకచోట నిలవట్లేదు.

"దింపెయ్యండ్రా ఆ చీర!" అని కుర్రాళ్లని కేకేశాడు కోదండపాణి.

పక్క గుడిసెలోంచి ఒక ముసలమ్మ పరుగెత్తుకొచ్చి స్తంభాన్ని వాటేసుకుంది. పేరు కన్నియమ్మ.

"వద్దు సామీ! ఆ కోక అట్నే ఉండనీ."

"షాటవగానే మళ్లీ ఆరేసుకుందువులే. తప్పుకో!"

"ఆరేసింది కాదు సామీ. పైన వచ్చే బిడ్డలకు గాలి ఎటుందో తెలియొద్దా?"

"ఓహో, విమానాలకి నువ్వు దారి చూపిస్తున్నావా? బాగానే ఉంది సంబడం!"

అందరూ నవ్వారు. ఇద్దరు ఆమెని రెక్క పట్టుకుని లాక్కెళ్లి తుమ్మచెట్ల కింద కూలేశారు. చీర దిగింది. ముసలమ్మ నెత్తి కొట్టుకుంటూ అరుస్తూనే ఉంది.

విమానం వచ్చింది.

"కెమెరా!"

నేల దాకా దిగి, ఒక్కసారిగా ఓ పక్కకి ఒరిగిపోయింది. రెక్క నేలకి తగలబోయింది. ఎలాగో సర్దుకుని పైకి లేచిపోయింది.

"ఏమైంది? ఎందుకు దిగలేదు?" అంటూ కోదండపాణి కెమెరా దగ్గరికి పరుగెత్తాడు.

కెమెరామన్ చక్రవర్తి కెమెరా వదిలేసి పైకి చూశాడు. "గాలి తిరిగింది గురూ. పైనున్నవాడికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?"

కోదండపాణి స్తంభం వైపు చూశాడు. బోసిగా ఉంది.

"ఎంత పని చేశానురా భగవంతుడా! ఏదిరా, ఆ చీర ఏది?"

"భోజనాల వ్యానులో పడేశామండీ. అది ఊళ్లోకెళ్లింది."

విమానం మళ్లీ దిగడానికి చుట్టు తిరుగుతోంది.

అప్పుడు చూశారు, రన్‌వే మధ్యలో కన్నియమ్మని. ఒంటిమీది కోక విప్పేసి, ఓ కొస రెండు చేతులా పట్టుకుని తలపైకెత్తింది. అంతమంది మగాళ్ల ఎదుట, చిరుగుల లంగాతో. గాలి ఆ కోకని బారుగా సాచింది. నవ్వినవాళ్లంతా తలలు దించుకున్నారు.

విమానం అవతలి వైపుకి పోయి, గాలికి ఎదురుగా వచ్చి, మెల్లగా దిగింది. కెమెరా తిప్పాలని ఎవరికీ తోచలేదు.

"నాన్నా!" అంటూ వచ్చిన పిల్లని చంకనేసుకుని కోదండపాణి ముసలమ్మ కాళ్లమీద పడ్డాడు.

"నువ్వు మనిషివి కావు తల్లీ, దేవతవి!"

కన్నియమ్మ చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కుంది. కోక చుట్టుకుంటూ సుమతి పావడా వైపే చూస్తోంది.

"నా కాళ్లు మొక్కొద్దు సామీ. యుద్ధంలో ఒకనాడు ఈ కంబానికి గుడ్డ లేక, ఒక దొరబిడ్డ ఇట్నే దిగబోయి ఆడ, ఆ తుమ్మచెట్లకాడ, కాలిపోయినాడు. కంట్రోలు రోజులు, ఎంత తిరిగినా గుడ్డ దొరకదు. ముందునాటి రాత్రి ఆ గుడ్డ కోసుకుపోయి నా బిడ్డకు పావడ కుట్టింది నేనే."