పైపేటా, కిందిపేటా

ఉన్న పైపులు ఒక్క పేటకే సరిపోతాయని ఇంజనీరు తేల్చేశాడు. టొంగోవా దీవిలోని ఆ ఊరి చావడిలో చేతులెత్తితే, పైపేటకూ కిందిపేటకూ సమానంగా లేచాయి. ఇక నీళ్ళ సంఘం పెద్ద లేమాస్ చెప్పిందే ఖాయం.

లేమాస్ పుట్టింది పైపేటలో. ముసలి తల్లి అక్కడ ఒంటరిగా, మోకాళ్ళ నొప్పులతోనే లోయలోకి దిగి నీళ్ళు తెచ్చుకుంటోంది. లేమాస్ మెట్టింది కిందిపేటలో. అక్కడ ఇంటిల్లిపాదికీ లోయనుంచి నీళ్ళు మోసేది తనే.

"పుట్టింటి మీదికే లాగుతోందా మనసు?" అన్నారు కిందిపేటవాళ్ళు.

"త్వరగా చెప్పవే తల్లీ, కావా కషాయం తాగే వేళయింది!" అన్నారు లేమాస్ తల్లి చుట్టూ కూర్చున్న పైపేటవాళ్ళు.

ఏ పేట పేరు చెప్పినా, లేమాస్ రెండో పేటలో తలెత్తుకోలేదు.

అప్పుడు అత్త లేచింది. "ఎందుకర్రా, పిల్లనలా పీక్కుతింటారు? పైపేటకే ఇచ్చేయండి. మా వియ్యపురాలు ఒంటరిది, పాపం."

లేమాస్ కళ్ళు చెమర్చాయి. అత్త నోట అంత మంచి మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"మరి మీకు నీళ్ళెలా, పెద్దమ్మా?" అన్నాడు ఇంజనీరు.

"మాకేం బాబూ, కోడలుందిగా!"

చావడి అంతా మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టింది. కొట్టనిది లేమాస్ తల్లి ఒక్కతే.