పొగమంచులో తోడు

"ఈరోజు నువ్వది నొక్కకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ తర్వాత నాలాగే ఎండాకాలాలు షెడ్డులో పీచ్ పళ్లు పెట్టెలకెత్తుకుంటూ బతకాలి," అంది ఎడెల్మీరా.

కూతురు యాదిరా తలెత్తలేదు. వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న యూనివర్సిటీవాళ్లు సీటిచ్చి నెల దాటింది. వస్తానని చెప్పడానికి ఈరోజే ఆఖరు. చెప్పడమంటే ఏముంది, తెర మీది నీలం బటన్‌ని ఒక్కసారి నొక్కడమే.

"వింటున్నావా?"

"వింటున్నానమ్మా. పెనం మీద రొట్టె మాడుతోంది."

ఎడెల్మీరా రొట్టె తిరగేసింది. భయపడటానికి ఆమెకు పెద్ద కారణం అక్కర్లేదు. అంబులెన్సు కూత వినబడితే ముందు ఇంట్లో అందరూ ఉన్నారా లేదా అని చూసుకునే మనిషి. ఈ భయానికి మాత్రం కారణం ఉంది. వాళ్లుండే లోయలో పిల్లలు కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల డిగ్రీ చదివి, ఆ క్రెడిట్లు పట్టుకుని యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరతారు. యాదిరాకు కమ్యూనిటీ కాలేజీలోనే మూడేళ్లు నిండాయి. నిరుడు అంతా సిద్ధమయ్యాక స్టాటిస్టిక్స్ క్లాసును మధ్యలో వదిలేసింది. ఆ ఒక్కటీ తక్కువై ఏడాది పోయింది. ఎందుకు వదిలావని అడిగితే కష్టంగా ఉందంది. చిన్నప్పటినుంచీ లెక్కల్లో బహుమతులు తెచ్చుకున్న పిల్ల.

పెరటి తలుపు తోసుకుని ఆడపడుచు చేలా వచ్చింది. చేతిలో గిన్నెడు చింతాకు రంగు సాస్. బల్ల మీద పెట్టి తెరవైపు వంగి చూసింది.

"ఇంకా నొక్కలేదా? ఏమే, ఆ కాలేజీవాళ్లు నిన్ను గోడకి మేకులేసి బిగించారా?"

"లేదత్తా."

"అయితే మగపిల్లాడే. నేను ముందే చెప్పాను కదా వదినా."

"వాడెవడో కనబడితే నాకూ చెప్పత్తా," అంది యాదిరా.

"మీ అమ్మ పక్కనుండగా వాడెక్కడ కనబడతాడు? కూతురితోపాటు కాలేజీకెళ్లి కాపలా కాసే తల్లిని ఈ ఊళ్లో ఇంకెవర్నీ చూళ్లేదు."

"కాపలా కాదు, తోడు," అంది ఎడెల్మీరా. "చలికాలంలో ఆ దారి నువ్వు చూశావా? బాదం తోటల మధ్య పాతిక మైళ్లు. పొగమంచులో కారు ముక్కు కూడా కనబడదు."

మొదటి ఏడాది నవంబర్‌లో కూతురి పక్క సీట్లో కూర్చున్న మనిషి, మళ్లీ దిగలేదు. తల్లి పొద్దస్తమానం పార్కింగులో గడ్డకట్టుకుపోతుంటే చూడలేక, ఏదో ఒక క్లాసులో పేరు రాయించుకుంటే వెచ్చగా లోపలే కూర్చోవచ్చని యాదిరాయే చెప్పింది. ఏ క్లాసులో చేరాలో చూసేదీ, కాగితాలు నింపేదీ యాదిరాయే. టర్ముకి రెండో మూడో క్లాసులు, పిల్లల పెంపకం దగ్గర్నుంచి చరిత్ర, లెక్కల దాకా. ఇచ్చిన పని రాయకపోతే పేరు కొట్టేసి చలిలోకి పంపేస్తారని బెదిరించి, ఆదివారాలు పక్కన కూర్చోబెట్టి రాయించేది. ఆరో తరగతితో బడి మానేసిన ఎడెల్మీరా, వాళ్లు గెంటేస్తారేమోనన్న భయంతోనే అన్నీ రాసేది.

"ఇది వెళ్లిపోతే నాకూ విముక్తి," అంది ఇప్పుడు, చేలాకు కుర్చీ జరుపుతూ. "ఆ దారి మళ్లీ తొక్కితే ఒట్టు. ఆ వెనక కుర్చీల్లో కూర్చుని కూర్చుని నడుం పోయింది."

మౌస్ మీదున్న చేతిని యాదిరా వెనక్కి తీసుకుంది.

చేలా ఒక రొట్టె తిని, మరొకటి చేత పట్టుకుని వెళ్లింది. ఎడెల్మీరా పొయ్యి ఆర్పి కూతురి ఎదురుగా కూర్చుంది. గడియారం నాలుగు దాటింది.

"కడుపుతో ఉన్నావా?"

"లేదమ్మా."

"ఒంట్లో ఏమైనా జబ్బా? డాక్టరు ఏదైనా చెప్పి నా దగ్గర దాస్తున్నావా?"

"నేను బాగానే ఉన్నాను."

"కాలేజీ కౌన్సెలర్ ఏమన్నాడు?"

"ఇక్కడ నాకు చదవడానికి ఏమీ మిగల్లేదన్నాడు."

"మరి?"

ఎడెల్మీరా బల్ల మీది రొట్టె ముక్కలను వేలితో ఒకచోటికి చేర్చింది.

"నిరుడు నువ్వా క్లాసు వదిలేసినప్పుడు నేను చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను. అంతకుముందు మొక్కుకున్నాను, నువ్వు వెళ్లకుండా ఉంటే వెలిగిస్తానని. అంత దూరంలో నీకేమైనా అయితే నేను చేరేలోపే... నా మొక్కే నీ కాళ్లకు అడ్డం పడింది."

"అది కాదమ్మా."

"మళ్లీ చర్చికెళ్లి ఆ మొక్కును వెనక్కి తీసుకున్నాను. నువ్వు వెళ్లు. నాకు భయం పోలేదు, పోదు కూడా. అయినా వెళ్లు. కానీ ఒక్క సంగతి నిజం చెప్పు. రెండేళ్లలో వెళ్లాల్సినదానివి, మూడేళ్లు కూర్చున్నావు. ఇప్పుడు నాలుగో ఏడు కూర్చోబోతున్నావు. ఎవరి కోసం?"

యాదిరా కిటికీలోంచి బయటికి చూసింది. వీధిలో బడి బస్సు ఆగింది, పిల్లలు దిగారు, బస్సు వెళ్లిపోయింది. పక్కింటి కుక్క అరిచి అరిచి ఊరుకుంది. ఎడెల్మీరా ఎంత చెడ్డ మాట వచ్చినా విందామని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

యాదిరా ల్యాప్‌టాప్‌ని పక్కకు జరిపింది.

"నీ డిగ్రీకి ఇంకా నాలుగు క్లాసులే మిగిలాయమ్మా."