ఏ అరలో సర్దాలి

"అందులో నువ్వు ఏ రకం?" అని అడిగాడు బాబాయి, మాత్రల స్ట్రిప్పును కత్తెరతో కోస్తూ.

మందుల షాపులో ఆయనా, ఆయన అన్న కూతురూ తప్ప ఎవరూ లేరు. నిన్న ఇంట్లో పెళ్లిచూపుల మాట ఎత్తగానే ఆ పిల్ల "నేను క్వియర్‌ని" అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. తల్లికి ఆ మాట కొరుకుడు పడలేదు. పొద్దున్నే మరిదికి పని పురమాయించింది.

"అదేమిటో నువ్వే తేల్చు. పెళ్లికి అడ్డురాని రకమైతే ఇవాళే మగపెళ్లివాళ్లకు సరేనని చెప్పేస్తా. నీకు తెచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టి ఎగ్గొట్టావు. ఈ పిల్లని మాత్రం తప్పించుకోనివ్వకు."

ఆవిడ సరైన మనిషినే పట్టుకుంది. స్ట్రిప్పు ఎలా కోసినా మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలేలా కోస్తాడాయన. పేరు చెరిగిన సీసా నేరుగా చెత్తబుట్టలోకే. ఆయన తేల్చాడంటే ఇంట్లో ఇక అప్పీలు లేదు. ఆ సంగతి పిల్లకూ తెలుసు.

"రకం ఇంకా తెలీదు బాబాయ్. అందుకే ఆ మాటన్నాను."

"తెలీకపోతే ఏ అరలో సర్దను?"

"అసలు సర్దకు. ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లు, మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు, పుట్టినప్పుడు రాసిన ఆడో మగో తమకు నప్పనివాళ్లు, అందరికీ కలిపి అదొక్కటే మాట. ఎవరమో తేలేదాకా దాని కింద ఉండొచ్చు."

"తేలకపోతే?"

"అయినా ఉండొచ్చు."

బాబాయి కళ్లజోడు సవరించుకున్నాడు. "గడువు?"

"లేదు."

"ఎవరన్నా పరీక్ష చేసి నిర్ధారించాలా?"

"నువ్వు చేస్తున్నావుగా, చాలదా?"

ఇంతలో ఒకాయన దగ్గుతూ వచ్చి, ఏదో ఒక మందు ఇవ్వమన్నాడు. "ఏదో ఒకటి ఇక్కడ దొరకదండీ" అన్నాడు బాబాయి. పొడి దగ్గో, కఫమో తేలాకే సీసా ఇచ్చి పంపాడు. అది చూసి పిల్ల ఆశ వదిలేసుకుంది.

"ఎవరికీ చెప్పకుండా లోపలే దాచుకున్నవాళ్లు?" అన్నాడు ఆయన, చిల్లర సొరుగు మూస్తూ. "వాళ్లూ లెక్కలోకే వస్తారా?"

"వస్తారు."

"రుజువు లేకుండానే?"

"మన మనసుకు తెలిస్తే చాలు."

"మరీ ఇంత వదులుగా ఉంటే ఎలా?" అని గొణిగాడు.

పిల్లకు ఏడుపు ముంచుకొచ్చింది. "బాబాయ్, కచ్చితంగా ఒక్క పేరే చెప్పమంటే నేను అబద్ధమాడాలి. ఆ అబద్ధంతోనే పెళ్లి చేసేస్తారు. నాకు భయంగా ఉంది. అమ్మకు ఏం చెప్తావో నీ ఇష్టం."

ఫోను మోగింది. చేతికి మందు అంటిందని ఆయన స్పీకరు నొక్కాడు.

"తేలిందా? ఏ రకమట?" అంది వదిన గొంతు.

"క్వియర్ అన్న మాట సరైనదే. రకం అడగక్కర్లేదట."

"అంటే? అదొక్కత్తే ఇలా ఎందుకు తయారైందంటావు?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. మందు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పేటంత తాపీగా జవాబిచ్చాడు.

"ఒక్కత్తే కాదు వదినా, నేనూ అదే."